పడిపోయేదాకా ఆగమంటారా?

తాగుడు తగ్గించుకోవడానికి ఫోన్‌లో యాప్ అనగానే మన దగ్గర మూడు రకాల మాటలు వినిపిస్తాయి. "మందు సీసా ముందు పెట్టుకున్నవాడు ఫోన్ చూసి మానేస్తాడా?" అని ఇంట్లోవాళ్ళు. "తాగుడు జబ్బు, దానికి డీఅడిక్షన్ సెంటరే దారి" అని చదువుకున్నవాళ్ళు. "సర్కారే ఊరూరా మందు పారిస్తూ జనానికి యాప్ ఇస్తుందా, ముందు దుకాణాలు మూయించండి" అని ఉద్యమాల్లో పనిచేసినవాళ్ళు. మాటలు వేరైనా మూడింటి అడుగునా ఉన్న నమ్మకం ఒక్కటే. తాగేవాడంటే రోడ్డు పక్కన ఒళ్ళు తెలియకుండా పడివున్నవాడే అనే నమ్మకం. ఆ నమ్మకం తప్పు. దానివల్ల మన రెండు రాష్ట్రాల్లో పడిపోకుండా తాగుతున్న లక్షలమందికి ఎవరూ ఏమీ చెప్పడం లేదు. వాళ్ళకు అందించగల సాయాల్లో ఫోన్ ఒకటి. దాన్ని వెక్కిరించి పక్కన పడేయడం అన్యాయమని నా వాదన.

ముందు లెక్కలు చూడండి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం దేశమంతటా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ వయసువాళ్ళలో దాదాపు 16 కోట్లమంది మద్యం తాగుతున్నారు. అందులో మద్యానికి బానిసలైనవాళ్ళు సుమారు 2.9 కోట్లమంది. బానిసలు కాకపోయినా తమకు హాని చేసుకునేంతగా తాగేవాళ్ళు ఇంకో 2.8 కోట్లమంది. మన చర్చలు, సినిమాలు, పత్రికల కథనాలు అన్నీ మొదటి గుంపు చుట్టూనే తిరుగుతాయి. రెండో గుంపు దాదాపు అంతే పెద్దది, అయినా దాని గురించి మాట్లాడేవాళ్ళే లేరు.

మొదటి గుంపుకైనా ఏం చేస్తున్నాం? బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది ప్రతి 180 మందిలో ఒక్కరేనని అదే నివేదిక చెబుతోంది. "సెంటరే దారి" అనేవాళ్ళు ఈ అంకెకు జవాబు చెప్పాలి. 38 మందిలో 37 మంది చేరని దారిని చూపించి, ఇంకే దారీ వద్దనడం ఏ రకమైన దయ?

తెలంగాణ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో 43.3 శాతం, ఆడవాళ్ళలో 6.7 శాతం మద్యం తాగుతామని చెప్పారు. వీళ్ళందరినీ తాగుబోతులనలేం. అలాగని వీళ్ళందరూ క్షేమంగా ఉన్నారనీ అనలేం. ఈ రెంటి మధ్య ఉన్న విశాలమైన జాగాకు మన దగ్గర వైద్యం లేదు, సలహా లేదు, కనీసం పేరు పెట్టి పిలిచే అలవాటు కూడా లేదు.

ఆ జాగాలో ఏం జరుగుతోందో మన కొలతల్లోనే చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో దాదాపు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉన్నట్టు. నైంటీలో 30 గ్రాములు. 180 మిల్లీలీటర్ల కోటర్‌లో 60 గ్రాములు. ఒక్కసారి కూర్చున్నప్పుడు 60 గ్రాములు గానీ అంతకు మించి గానీ తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కింద లెక్కగడుతుంది. "ఒక్క కోటరే కదా" అని మనవాళ్ళు అతి మామూలుగా అనేది సరిగ్గా ఆ గీత మీద ఉంది. బీరు తాగేవాళ్ళు తమకు ఈ లెక్క వర్తించదనుకుంటారు. 8 శాతం ఆల్కహాల్ ఉన్న స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 41 గ్రాములుంటాయి. రెండు సీసాలు తాగినవాడు కోటర్ తాగినవాణ్ణి దాటిపోయాడు.

"రా మామా, శనివారం కూర్చుందాం" అంటే వెళ్ళి, కోటర్ తాగి, బైక్ మీద ఇల్లు చేరే ముప్పై ఐదేళ్ళ ఉద్యోగిని ఎవరూ తాగుబోతు అనరు. అతని భార్య కూడా అనదు. సోమవారం డ్యూటీకి పోతాడు, పిల్లల ఫీజులు కడతాడు, పండక్కి బట్టలు తెస్తాడు. ఈలోగా బీపీ పైకెక్కుతుంటుంది, కాలేయంలో కొవ్వు చేరుతుంటుంది, తాగిన రాత్రి ఇంట్లో మాట పెళుసవుతుంటుంది. శనివారం ఒక్కటే అనుకున్నది బుధవారం కూడా అవుతుంది. ఏదో ఒక రాత్రి డివైడర్ తగులుతుంది. బ్రిటన్ మనోవైద్య పరిశోధకుడు నార్మన్ క్రైట్‌మన్ 1986లో ఈ సంగతే సిద్ధాంతంగా చెప్పాడు. సమాజం మీద పడే మద్యపు హానిలో పెద్ద వాటా కొద్దిమంది ఘోరంగా తాగేవాళ్ళ నుంచి రాదు, మోస్తరుగా తాగే ఎక్కువమంది నుంచి వస్తుంది అన్నాడు. తర్వాత వచ్చిన పరిశోధకులు దాన్ని ఇంకొంచెం పదును పెట్టారు. మోస్తరుగా తాగేవాళ్ళు అప్పుడప్పుడూ ఒక్క పూటలో ఎక్కువ తాగడమే ఆ హానికి మూలమని చూపించారు. మన శనివారపు కోటర్ అదే.

హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల్లో పట్టుబడేవాళ్ళను గమనించండి. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. పట్టుబడినవాళ్ళు ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకుని ట్రాఫిక్ పోలీసుల కౌన్సెలింగ్‌కు వెళ్ళాలి. తల దించుకుని కూర్చుంటారు, కోర్టులో జరిమానా కడతారు. అలాంటివాడు డీఅడిక్షన్ సెంటర్ గడప ఎందుకు తొక్కుతాడు? అతని దృష్టిలో అది వేరేవాళ్ళు వెళ్ళే చోటు. అయినా ఆ రోజు అతనికి సిగ్గుంది, భయముంది, మారదామన్న ఆలోచనా ఉంది. ఆ ఒక్క రోజు తర్వాత ఆ ఆలోచనను నిలబెట్టే ఆసరా ఏదీ మనం అతని చేతికి ఇవ్వడం లేదు. బీపీ 150 ఉన్నవాణ్ణి పక్షవాతం వచ్చాక రమ్మనే డాక్టర్‌ను మనం క్షమించం. తాగుడు విషయంలో మాత్రం సమాజం మొత్తం ఆ డాక్టర్‌లాగే ప్రవర్తిస్తోంది.

ఈ దశలో ఉన్నవాళ్ళకు ఏం చేయాలో వైద్యశాస్త్రానికి తెలియని సంగతేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక ఉంది. మొత్తం 40 మార్కులు. 8 వచ్చాయంటే తాగుడు ప్రమాదకరం, 20కి చేరితే బానిసత్వం ఉందేమోనని వైద్యుడు చూడాలి. అందులో మూడో ప్రశ్న ఒక్క కూర్చోవడంలో ఆరు డ్రింకులు, అంతకు మించి ఎంత తరచుగా తాగుతారని. ఆరు డ్రింకులంటే మన లెక్కలో కోటర్. మార్కులు చూసి, పరిస్థితి ఇదీ అని నిందించకుండా చెప్పి, ఎంత తగ్గించగలరో వాళ్ళ నోటితోనే చెప్పించే చిన్న సంభాషణను వైద్యులు సంక్షిప్త సలహా అంటారు. 69 పరిశోధనలను, 33,642 మందిని కలిపి కాక్రేన్ సంస్థ 2018లో చేసిన సమీక్షలో ఈ చిన్న మాటకే, ఏడాది తర్వాత కూడా, వారానికి సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ తగ్గినట్టు తేలింది.

మరి మన పీహెచ్‌సీలో ఈ సంభాషణ ఎక్కడ జరుగుతోంది? బయట వరుస కట్టిన జనం, లోపల ఒక్క డాక్టర్, పక్కన తెలిసినవాళ్ళు. "తాగుతావా?" అని అడిగితే "లేద్సార్, ఎప్పుడైనా ఫంక్షన్లలో" అనే జవాబే వస్తుంది. వీధిలో నలుగురికీ తెలిసిన నర్సమ్మ ముందు ఎవరు నిజం చెబుతారు? ఫోన్ ముందు మనిషి ఒంటరి. అది మొహం చిట్లించదు, "ఛీ, నీ పిల్లల ముఖం చూడు" అనదు, ఊళ్ళో చెప్పదు. అందుకే డాక్టర్ దగ్గర దాచింది అక్కడ చెప్పే వీలుంది. డాక్టర్ స్థానంలో ఫోన్‌ను కూర్చోబెట్టమని నేననడం లేదు. డాక్టర్‌తో ఆ మాట ఎప్పుడూ జరగని కోట్లమందికి ఏ మాటా లేకపోవడం కంటే ఫోన్‌తో మాట మేలు అంటున్నాను.

"తాగినవాడు ఫోన్ చూస్తాడా?" అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. వైన్స్ దగ్గర డబ్బు కట్టేది కూడా ఇప్పుడు ఫోన్‌తోనే. సిట్టింగ్‌కు పిలుపు వచ్చేది ఫోన్‌లోనే. ఎంత తాగినా మర్నాడు పొద్దున కళ్ళు తెరవగానే తడుముకునేది ఫోన్‌నే. పైగా మంచి యాప్ పని తాగుతున్న గంటలో కాదు. దాని పని ముందు సాయంత్రం ఐదింటికి, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి. పొద్దున, ముందు రాత్రి ఎంత తాగావో రాయమంటుంది. వారం తిరిగేసరికి మొత్తం చూపిస్తుంది. తాను తాగేదెంతో నిజంగా తెలిసినవాళ్ళు చాలా తక్కువ. పక్కవాడు పోస్తుంటే పెగ్గులు లెక్కపెట్టుకునేవాళ్ళెవరు? రాయడం మొదలుపెట్టగానే "వారానికి ఒక కోటర్" అనుకున్నది మూడుగా కనిపిస్తుంది. ఆ తర్వాత లక్ష్యం పెట్టుకోమంటుంది. తాగని రోజులు ముందే నిర్ణయించుకోమంటుంది. ఎవరితో ఉన్నప్పుడు, ఏ రోజు, ఏ చోట అదుపు తప్పుతోందో అతనికే కనిపించేలా చేస్తుంది. జీతం వచ్చిన రోజు, క్రికెట్ మ్యాచ్ రాత్రి, అత్తారింటి పెళ్ళి, ఇలా తన ప్రమాదాలు తనకు ముందే తెలిస్తే వాటికి ముందే ఒక ఉపాయం రాసిపెట్టుకోవచ్చు. "గట్టిగా అనుకుంటే మానలేడా" అని దెప్పడం సులువు. అనుకోవడానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరం దాటడానికి మనిషికి ఆసరా కావాలి, ఈ చిన్న పనులన్నీ ఆ ఆసరాయే.

రుజువుల సంగతి. అతిగా చెప్పి ఈ వాదన గెలవాలని నాకు లేదు. కాక్రేన్ 2017లో ఫోన్, కంప్యూటర్ ద్వారా అందించిన సలహాల మీద 57 పరిశోధనలను, 34,390 మందిని సమీక్షించింది. వారానికి సగటున సుమారు 23 గ్రాములు తగ్గింది. రెండు చిన్న పెగ్గుల కన్నా కొంచెం ఎక్కువ. "ఇంతేనా?" అని పెదవి విరిచేవాళ్ళుంటారు. ఏడాదికి లెక్కేస్తే దాదాపు 20 కోటర్లు. అది కూడా ఒక్కొక్కరికి. డాక్టర్ నోటి సలహాతో వచ్చిన ఫలితం కూడా ఇంచుమించు ఇంతే కదా, దాన్ని ఎవరూ పనికిమాలినదనడం లేదే!

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు తయారు చేసిన డ్రింక్ లెస్ యాప్‌ను బ్రిటన్‌లో 5,602 మంది మీద పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి యాప్, సగం మందికి ప్రభుత్వ ఆరోగ్య సేవల వెబ్‌సైట్‌లోని సలహా పేజీ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత జవాబివ్వనివాళ్ళు అసలేమీ మారలేదని కఠినంగా లెక్కగడితే రెండు వర్గాల మధ్య తేడా తేల్చి చెప్పలేనంత చిన్నది. జవాబు రాని చోట్ల మిగతా సమాచారం ఆధారంగా అంచనా వేస్తే యాప్ వాడినవాళ్ళు వారానికి రెండు బ్రిటిష్ యూనిట్లు, అంటే 16 గ్రాములు, అదనంగా తగ్గించారు. ఈ పరిశోధకులు తమకు అనుకూలం కాని అంకెను దాచలేదు, నేనూ దాచను. అద్భుతం ఏమీ జరగలేదు. కానీ ఒక్కో మనిషికి దాదాపు ఖర్చు లేకుండా, క్యూలో నిలబెట్టకుండా, ఎన్ని లక్షలమందికైనా అందించగల సాయం ఇంతమాత్రం పనిచేసినా ప్రజారోగ్యంలో అది పెద్ద విషయం. చికిత్స ముగించి ఇంటికి వెళ్ళినవాళ్ళకు కూడా ఫోన్ తోడు నిలిచిన దాఖలా ఉంది. అమెరికాలో ఏచెస్ అనే యాప్‌ను చికిత్సా కేంద్రాల నుంచి బయటికొచ్చిన 349 మందితో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. పాత అలవాటు చోటుకు దగ్గరగా వెళ్తే హెచ్చరించడం, మనసు లాగినప్పుడు ఒక్క నొక్కుతో సాయం పిలవడం లాంటి సదుపాయాలు అందులో ఉన్నాయి. అతిగా తాగిన రోజులు యాప్ ఉన్నవాళ్ళలో నెలకు సగటున 1.39, లేనివాళ్ళలో 2.75. సెంటర్‌లో కొన్నాళ్ళుండి వచ్చి, బస్సు దిగగానే పాత మిత్రుల చేతిలో పడినవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది! సెంటర్‌ను నమ్మేవాళ్ళే ఇలాంటి తోడును ముందుగా అడగాలి.

ఇక "తగ్గించడం కాదు, మానితే పూర్తిగా మానాలి" అనే వాదన. ఇది మన ఇళ్ళలో వ్రతంలా పాతుకుపోయింది. దేవుడి పటం ముందు ఒట్టు వేయిస్తాం, మాల వేయిస్తాం, తాయెత్తు కట్టిస్తాం. ఒట్టు తప్పిన రాత్రి అతను ఓడిపోయినవాడు, కనుక ఇంకా తాగొచ్చు. పూర్తిగా మానడమే అన్నిటికన్నా మంచిదని నేనూ ఒప్పుకుంటాను. మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చింది. ఇంత తాగితే క్షేమం అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అదే సంస్థ, ఎంత తక్కువ తాగితే అంత మేలు అని కూడా చెప్పింది. ఈ రెండో సగాన్ని మనం వినడం లేదు. వారానికి మూడు కోటర్లు తాగేవాడు ఒకటికి వచ్చాడంటే అతని కాలేయానికీ, అతని ఇంటికీ, రోడ్డు మీద ఎదురొచ్చేవాడికీ తేడా తెలుస్తుంది. గోవాలో సంగత్ సంస్థ పది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఒక ప్రయోగం చేసింది. డాక్టర్లు కాని, శిక్షణ ఇచ్చిన మామూలు మనుషులతో, ఆడిట్‌లో 12 నుంచి 19 మార్కులు వచ్చిన మగవాళ్ళకు కొద్దిపాటి సంభాషణలు జరిపించింది. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మూడు నెలలకు 36 శాతం మంది ప్రమాదపు గీత కిందికి వచ్చారు. సలహా అందనివాళ్ళలో అది 26 శాతం. అప్పటికి గత రెండు వారాల్లో చుక్క ముట్టనివాళ్ళు కూడా సలహా అందిన వర్గంలోనే ఎక్కువ, 42 శాతం, రెండో వర్గంలో 18. తగ్గించమని చెబితే మానేయడం మానుకుంటారన్న భయం నిలవదని చెప్పడానికి మన దేశపు ఈ అంకె చాలు.

అయితే ఒక గీత మాత్రం గట్టిగా గీయాలి. రోజూ తాగి, పొద్దునే చేతులు వణికి, చుక్క పడితేనే స్థిమితపడే మనిషికి యాప్ వైద్యం కాదు. అలాంటివాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి కలవరించవచ్చు, ప్రాణమే పోవచ్చు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటి రోగులు వరుస కట్టడం మనం చూశాం. దుకాణం మూస్తే తాగుడు ఆగిపోతుందని నమ్మేవాళ్ళు ఆ రోజులను మరిచిపోకూడదు. పనికొచ్చే యాప్ మొదట చేయాల్సిన పని ప్రశ్నలడిగి వీళ్ళను గుర్తుపట్టి, "మీరు సొంతంగా ఆపొద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి" అని చెప్పి దారి చూపించడం. ఇప్పుడు ఎవరికీ తెలియకుండా ఇళ్ళలో వణుకుతున్నవాళ్ళకు అది మొదటి తలుపు అవుతుంది.

ముందు దుకాణాలు మూయించండి అనే మూడో వాదనకు వస్తాను. దీన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే అందులో ధర్మాగ్రహం ఉంది. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాల లాటరీకి తిరిగి ఇవ్వని దరఖాస్తు రుసుముగానే ప్రభుత్వానికి 2,600 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. దుకాణం తెరవకముందే ఇంత. రెండు రాష్ట్రాల్లోనూ బెల్టు షాపులు ఊళ్ళను తింటున్నాయి. సోడాల పేరుతో, మ్యూజిక్ సీడీల పేరుతో మందు ప్రకటనలు నడుస్తూనే ఉన్నాయి. ఇవన్నీ ఇలాగే ఉంచి "మీరే కొంచెం చూసుకుని తాగండి" అని యాప్ చేతిలో పెట్టే ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే. ధర, దుకాణాల సంఖ్య, అమ్మే వేళలు, ప్రకటనలు, వీటిని అదుపు చేయడాన్ని మించిన మందు లేదని ప్రజారోగ్య శాస్త్రం కూడా చెబుతోంది. "బాధ్యతగా తాగండి" అన్నది మద్యం కంపెనీలకు ఇష్టమైన నినాదం. కనుక ఇలాంటి యాప్‌లో మద్యం పరిశ్రమ రూపాయి ఒక్కటి కూడా ఉండకూడదు.

కానీ ఒకటి జరిగేదాకా రెండోది వద్దు అనడాన్ని నేను ఒప్పుకోను. మన చరిత్రే దానికి జవాబు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళింది 1992లో. వాళ్ళ ముందు నడిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది ఎత్తేశారు. సాధించింది మహత్తరం, నిలిచింది రెండేళ్ళ పైచిలుకు. మళ్ళీ దుకాణాలు తెరిచిన రోజున, ఆ రెండేళ్ళలో తాగుడు తగ్గించుకున్న మగవాడు దాన్ని నిలబెట్టుకోవడానికి ఏ ఆసరా మిగిల్చాం? ప్రభుత్వాలు మారతాయి, ఖజానా అవసరాలు మారతాయి, దుకాణాలు మూస్తారు, తెరుస్తారు. ఈ రాకపోకల మధ్య ఒక మనిషి పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు తాగుతూనే ఉంటాడు. అతను విధానం మారేదాకా వేచి ఉండాలా?

దూబగుంట గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఆడవాళ్ళను కదిలించింది అక్షరాస్యత ఉద్యమపు వాచకంలో సారా గురించిన ఒక పాఠం. మగవాళ్ళు కూలి డబ్బు సారాకు పోస్తున్న ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి ఏం చేశారో ఆ పాఠంలో చదివారు, తమ ఊరి గురించి ఆలోచించారు, లేచారు. ఒక్కో మనిషి చేతికి తన జీవితపు లెక్క అందించడం ఉద్యమాన్ని చల్లార్చుతుందనేవాళ్ళు ఆ వాచకాన్ని గుర్తు చేసుకోవాలి. తన తాగుడుకు నెలకు ఎంత పోతోందో, ఎంత విషం ఒంట్లోకి వెళ్తోందో రాసి చూసుకున్న మనిషి రేపు బెల్టు షాపు ముందు నిలబడే ఆడవాళ్ళకు శత్రువు అవుతాడని నేను అనుకోను.

యాప్‌లన్నీ మంచివేనని నేను చెప్పడం లేదు. ఆ పొరపాటు చేస్తే ఈ వాదనంతా కూలిపోతుంది. స్వీడన్‌లో రక్తంలో ఆల్కహాల్ ఎంతుందో అంచనా వేసి చూపించే ప్రొమిల్లెకోల్ అనే యాప్‌ను విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇచ్చి 2014లో ఫలితం ప్రకటించారు. తగ్గకపోగా అది వాడిన అబ్బాయిలు ఇంకా తరచుగా తాగారు. ఫోన్ దుకాణంలో దొరికే తాగుడు యాప్‌లలో చాలా వాటికి శాస్త్రంతో సంబంధమే లేదు, కొన్ని తాగడాన్ని ఆటగా మార్చేవి. రహస్యం మాటేమిటి? అమెరికాలో మాన్యుమెంట్ అనే ఆన్‌లైన్ మద్యం చికిత్సా సంస్థ తన రోగుల సమాచారాన్ని వాళ్ళ అనుమతి లేకుండా ప్రకటనల కంపెనీలకు చేరవేసిన సంగతి 2023లో బయటపడింది, మరుసటి ఏడు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. మన దగ్గర ఇలాంటి సమాచారం పెళ్ళి సంబంధాల దాకా, ఉద్యోగం దాకా, బీమా దాకా వెళ్తే? అందుకే ఈ పనిని లాభం కోసం నడిపే కంపెనీకి వదిలేయకూడదు. చెడ్డ మందులున్నాయని వైద్యాన్నే వద్దనం, పరీక్షించి మంచిదాన్ని వాడతాం. ఇక్కడా అంతే చేయాలి.

తెలుగువాళ్ళకు కావాల్సినది ఇంగ్లిష్ యాప్‌కు తెలుగు తొడుగు కాదు. అది కోటర్, నైంటీ, హాఫ్, పెద్ద బీరు లెక్కల్లో అడగాలి. తాటికల్లు, ఈతకల్లు కూడా లెక్కలోకి రావాలి. కల్లు ఘాటు పూటపూటకూ మారుతుంది కనుక అంచనాగానే లెక్కపెట్టినా సరే, వదిలేయకూడదు. చదవడం రానివాళ్ళకు గొంతుతో మాట్లాడాలి, తెలంగాణ, రాయలసీమ, కోస్తా పలుకుబళ్ళలో. పేరు అడగకూడదు, ఫోన్ నంబర్ అడగకూడదు, రాసినది ఫోన్ దాటి బయటికి పోకూడదు. ఇంట్లో నలుగురూ వాడే ఫోన్‌లో వాడినవాడికి తప్ప ఎవరికీ కనిపించకూడదు. బటన్ ఫోన్ వాడేవాళ్ళకు మిస్డ్ కాల్, మెసేజీలు ఉండాలి. ఇది మనకు కొత్త కాదు. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2016 నుంచి మిస్డ్ కాల్ ఇస్తే మెసేజీలు పంపే కార్యక్రమం నడిపింది. తాగుడు తగ్గించుకునే వెబ్‌సైట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, మెక్సికో, బెలారస్‌లతో పాటు మన దేశంలోనూ పరీక్షించింది. పొగాకుకు చేయగలిగినవాళ్ళం మద్యానికి ఎందుకు చేయలేం? ఖజానాకు రాబడి తగ్గుతుందని తప్ప నాకు వేరే కారణం కనిపించడం లేదు.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు నా విన్నపం ఇది. ఒక మెడికల్ కాలేజీ మనోవైద్య విభాగానికి, ఒక ప్రజారోగ్య సంస్థకు బాధ్యత ఇచ్చి తెలుగులో ఒక యాప్ తయారు చేయించండి. ఒక్కో రాష్ట్రంలో రెండేసి జిల్లాల్లో, యాప్ ఇచ్చినవాళ్ళను ఇవ్వనివాళ్ళతో పోల్చి, నిజాయితీగా పరీక్షించండి. పనిచేయకపోతే ఆ సంగతీ ప్రకటించండి. పనిచేస్తే పీహెచ్‌సీ గోడ మీద, డ్రంక్ అండ్ డ్రైవ్ కౌన్సెలింగ్ గదిలో, ప్రతి వైన్స్ కౌంటర్ పక్కన దాని క్యూఆర్ కోడ్ అంటించండి. మందు అమ్మడానికి లైసెన్స్ ఇచ్చేవాళ్ళకు ఆ షరతు పెట్టడం ఒక్క జీవోతో అయ్యే పని.

ఈ వ్యాసం చదువుతున్న మీరు తాగేవాళ్ళైతే, ఆ యాప్ వచ్చేదాకా ఆగకండి. ఈ వారం ఏడు రోజులూ ప్రతి ఉదయం, ముందు రాత్రి ఎంత తాగారో ఫోన్‌లోని నోట్స్‌లో రాయండి, కోటర్‌కు 60 గ్రాముల లెక్కన చివర్లో కూడండి. పొద్దున చేతులు వణుకుతుంటే, తాగనిదే నిద్ర పట్టకుంటే మాత్రం సొంతంగా ఆపే ప్రయత్నం చేయకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి డాక్టర్‌ను కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు.